నోట్లో మచ్చకు పూత మందు చాలునా?



తెనాలి, బాపట్ల, రేపల్లె నుండి ఓపీకి వచ్చేవారు తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. "సిస్టర్ గారూ, బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంది. క్యాన్సర్ కాకుండా పూసుకునే మందు ఉంటే చెప్పండి."

తుడిచినా పోని ఈ మచ్చను డాక్టర్లు ల్యూకోప్లేకియా అంటారు. నొప్పి ఉండదు గనుక చాలామంది పట్టించుకోరు. అన్ని మచ్చలూ క్యాన్సర్ కావు, కొన్ని మాత్రం అవుతాయి. ఏది అవుతుందో కంటితో చూసి చెప్పలేము. ఎర్రమచ్చ అయితే ఇంకా ప్రమాదం.

మందుతో దీన్ని ఆపాలనే ప్రయత్నం మన రాష్ట్రంలోనే జరిగింది. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది, దానిని అడ్డపొగ అంటారు. ఆడవారిలోనే ఎక్కువ. అలా కాల్చేవారికి అంగిలిలో మచ్చలు వస్తాయి. వారిలో 298 మందిపై విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియంలతో ఏడాదిపాటు జరిగిన పరీక్ష ఫలితాలు 1995లో వెలువడ్డాయి. మందు తీసుకున్నవారిలో నూటికి 57 మందికి మచ్చలు పూర్తిగా పోయాయి, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో 8 మందికే పోయాయి. సంతోషమే! అయితే 1997లో ప్రచురించిన కేరళ పరీక్షలో, విటమిన్ ఎ తో తగ్గినవారిలో మూడింట రెండు వంతుల మందికి మందు ఆపగానే మచ్చ తిరిగి వచ్చింది.

విటమిన్ ఎ ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం మింగితే కాలేయం చెడుతుంది, గర్భిణి అయితే బిడ్డకు అవకరం రావచ్చు. అందుకే మచ్చ మీదే మందు పెట్టాలనే ఆలోచన వచ్చింది. నోట్లో ఉమ్మి క్షణాల్లో మందును కడిగేస్తుంది గనుక అంటుకుని ఉండే జెల్‌లు తయారు చేశారు. అమెరికాలో నల్ల రాస్ప్‌బెర్రీ పండ్ల పొడితో చేసిన జెల్‌ను రోజుకు నాలుగుసార్లు చొప్పున మూడు నెలలు పూస్తే మచ్చల సైజు తగ్గింది. కానీ మచ్చ తగ్గడం వేరు, క్యాన్సర్ రాకపోవడం వేరు. పూసేది గానీ మింగేది గానీ, నోటి క్యాన్సర్‌ను తప్పక ఆపుతుందని ఋజువైన మందు ఇంతవరకు లేదు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ సంగతి కూడా చెప్పాలి. ఆ తెల్లదనం ఫంగస్ వల్ల వచ్చినదైతే, ముఖ్యంగా షుగర్ ఉన్నవారికి, అది ఇంకా ముదురుతుంది. లవంగనూనె, సున్నం రాసి నోరు కాల్చుకోవద్దు.

"పొగాకు ముట్టను, ఒట్టి వక్కపొడే" అనేవారు మనలో చాలామంది. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. వక్క వల్ల బుగ్గలు లోపల బిగుసుకుపోతాయి. మొదట గోంగూర పచ్చడి కారం కూడా మండుతుంది, తరువాత నోరు తెరుచుకోదు. దీనికి దంతవైద్యులు బుగ్గలోనే ఇంజెక్షన్లు ఇస్తారు. నోరు కొంత తెరుచుకుంటుంది, తినడం సులువవుతుంది. క్యాన్సర్ భయం మాత్రం అలాగే ఉంటుంది. ఇంజెక్షన్ చేయించుకుని బయటకు వెళ్ళి మళ్ళీ గుట్కా పొట్లం చింపేవారికి మేమేమి చేయగలము?

అలవాటు మానినవారిలో అనేకులకు మచ్చలు వాటంతటవే తగ్గుతాయి. మానడం కష్టమైతే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నెలకొకసారి పగటి వెలుతురులో అద్దం ముందు పెదవులు, బుగ్గలు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూసుకోండి. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయా? రెండు వారాలు దాటినా మానని పుండు, మచ్చ, గడ్డ ఉంటే పూతలతో కాలం గడపక రండి. డాక్టరు గారు అవసరమనుకుంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందనే మాట నిజం కాదు. వచ్చేటప్పుడు ఇంతవరకు పూసిన మందుల ట్యూబులు కూడా వెంట తెచ్చి చూపించండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్