పాత స్పీకరుకు కొత్త గొంతు

సినిమా హాలు పేరే కూడలి పేరైన ఊరు విశాఖ. జగదాంబ సెంటర్ ఎక్కడని అడిగితే దారి చెప్పనివాళ్లుండరు. 1986లో 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రంగా ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చింది. ఆనాటి శబ్దం మీద మోజుతో కొన్న 12, 15 అంగుళాల వూఫర్లు మీ ఇంట్లో అటకెక్కి ఉన్నాయా? పాత సామాన్లవాడికి వేసేముందు ఒక్కమాట... కోన్ మార్పిస్తే అవే ఇంటి సబ్‌వూఫర్లుగా మళ్లీ గర్జించవచ్చు!

ఉప్పుగాలి దెబ్బ

స్పీకరులో ముందుగా పాడయ్యేది అయస్కాంతం కాదు, కోన్ అంచున ఉండే ఫోమ్. గాల్లోని తేమకు పదిహేను, ఇరవై ఏళ్లలో అది పొడిపొడిగా రాలిపోతుంది. కాగితం కోన్ తేమ పీల్చి మెత్తబడుతుంది. సముద్రం పక్కనున్న ఊళ్లో తుప్పు బెడద అదనం. ఆ రేణువులు అయస్కాంతం సందులో చేరితే వాయిస్ కాయిల్ రాసుకుని గరగరమంటుంది. 2014లో వచ్చిన హుద్‌హుద్‌లాంటి తుపానుకు తడిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు.

కోన్ మార్చేదిలా...

అమెరికాలో రైస్, కెలాగ్ 1925లో వెల్లడించిన సూత్రమే నేటికీ ఆధారం. అయస్కాంతం సందులో తీగచుట్ట కదులుతుంది, దానికి అతికిన కోన్ గాలిని నెడుతుంది. రిపేరులో పాత కోన్‌ను, దాన్ని మధ్యలో నిలిపే స్పైడర్‌ను కోసి తీసేస్తారు. సందులోని తుప్పు రజనును జిగురు టేపుతో లాగేస్తారు. కొత్త కాయిల్ సరిగ్గా నడిమధ్యన నిలిచేలా లోపల సన్నని ప్లాస్టిక్ రేకులు దోపి, అన్నిటినీ అతికిస్తారు. జిగురు పూర్తిగా ఆరాకే రేకులు తీసి, పైన డస్ట్ క్యాప్ వేస్తారు. తొందరపడితే కాయిల్ పక్కకు ఒరుగుతుంది, చేసిన పనంతా వృథా! ఆల్నికో అయస్కాంతమైతే విప్పనివ్వకండి. విప్పితే దాని శక్తి తగ్గిపోతుంది.

కోన్ బాగుండి ఫోమ్ ఒక్కటే పోతే దాన్ని మాత్రమే మార్పించుకోవచ్చు. ఖర్చు తగ్గుతుంది, పాత స్వరమూ నిలుస్తుంది.

అన్నీ సబ్‌వూఫర్లు కావు

ఇదే అసలు చిక్కు. హాళ్ల కోసం చేసిన వూఫర్లలో చాలావాటికి కోన్ తేలిక, అంచు బిగువు. గట్టిగా మోగుతాయి కానీ బాగా లోతుకు దిగవు. సబ్‌వూఫర్ పని 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా. 30 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవే పదకొండు మీటర్లకు పైన! బరువైన కోన్ వేస్తే లోతు పెరుగుతుంది, బిగ్గరతనం తగ్గుతుంది. అందుకే దొరికిన కోన్ వేయించకుండా కాయిల్ వ్యాసం, ఓములు, కోన్ బరువు పాతవాటితో సరిపోల్చాలి. పెట్టె కొలతలూ మళ్లీ లెక్కగట్టాల్సిందే. ఆస్ట్రేలియాలో పనిచేసిన థీల్, స్మాల్ రూపొందించిన సూత్రాలనే ఇప్పటికీ అందుకు వాడతారు.

తెచ్చుకునేముందు...

కోన్‌ను రెండు చేతులతో సమంగా, మెల్లగా నొక్కి చూడండి. రాపిడి వినిపించకూడదు. 8 ఓముల స్పీకరు మల్టీమీటరులో సుమారు 6 ఓములు చూపిస్తే కాయిల్ బాగున్నట్టే. తర్వాత తక్కువ శబ్దంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. ఇంట్లో సముద్రపు గాలి నేరుగా తగిలే కిటికీకి దూరంగా ఉంచండి.

తుక్కు కొట్టు తక్కెడలో పడితే దాని విలువ కిలోల లెక్కే. పనితెలిసిన చేతిలో పడితే మాత్రం ఇంటిల్లిపాదికీ ఇంకో ఇరవై ఏళ్ల వినోదం!