కుక్కల్ని చూసుకునే పనికి వెబ్‌సైట్: పైన ఏముండాలి?

ఇంగ్లండ్‌లో ఓనర్లు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ కుక్కల్ని మనింట్లో ఉంచుకునే వ్యాపారం గురించి ఈ ఎపిసోడ్‌లో చెప్పాను కదా, ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నా.

ముందు వీసా చూసుకోండి. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం కుదరదు. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లు చేసుకోవచ్చు.

తర్వాత కౌన్సిల్ లైసెన్స్. 2018 నిబంధనల ప్రకారం లైసెన్స్ ఉన్నవారి పేరు, నంబరు వెబ్‌సైట్‌లో స్పష్టంగా కనపడాలి. అడుగున ఎక్కడో కాదు, పైనే పెట్టమంటాను. ముక్కూమొహం తెలియని మనకి కుక్కని అప్పజెప్పే ఓనర్‌కి అదే మొదటి భరోసా. దాని కిందే మీ ఏరియా, రోజుకి రేటు, ఓనర్లని అడిగి తీసిన ఫొటోలు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితమే. పని అయ్యాక రివ్యూ అడగండి. డిస్కౌంట్ ఇచ్చి మాత్రం రాయించుకోకండి, గూగుల్ ఒప్పుకోదు.