పెదవికిని పలుకునకును పొత్తు

ఏటి ఆవలి గట్టున ఎవరైన బండపై గుడ్డలుతుకుచుండగా ఈవలి గట్టునుండి గమనించితిరా? చేయి బండపై దిగిన పిమ్మట గాని చప్పుడు మన చెవిని సోకదు. వెలుతురు రెప్పపాటు కంటె ముందే మనలను చేరును. శబ్దమో, సెకండునకు సుమారు 343 మీటర్ల చొప్పున నడచి రావలెను. ఈ ఆలస్యమునకు మనము పుట్టినది మొదలు అలవాటు పడినవారము. చప్పుడు ముందు వినబడి దెబ్బ తరువాత కనబడుట మాత్రము ప్రకృతిలో లేదు.

నేడు ఇండ్లలో వెబ్‌కామ్ ఎదుట కూర్చుండి పాఠములు చెప్పువారును, దూరదేశములందున్న బిడ్డలకు పెద్దల మాటలు పట్టి పంపువారును పెక్కుమంది కలరు. వారిలో పలువురకు ఎదురగు చిక్కు ఇదియే: పెదవి ఒకప్పుడు కదలును, మాట మరొకప్పుడు వినవచ్చును. రేడియోలో మాకీ బాధ లేదు. మా పలుకునకు పెదవులు కనబడవు గదా! అయినను మేమును ఒకసారి ఈ చిక్కున పడితిమి.

మా బంధువర్గములోని ఒక ముదుసలి చేత దంపుళ్ళపాటలు పాడించి పట్టుకొంటిమి. బొమ్మకు వెబ్‌కామ్, శబ్దము బాగుండవలెనను పట్టుదలతో వేరుగా ఒక యు.ఎస్.బి. మైకు. ఆమె రోకలి వేయుచు 50 నిమిషములు పాడెను. తరువాత వేసి చూచితిమి. మొదట అంతయు చక్కగానే యున్నది. చివరకు వచ్చుసరికి రోకలి రోటిలో పడి, మరల లేవసాగిన పిమ్మట దెబ్బ వినబడుచున్నది. తొందరపడి, చివరి దెబ్బ కుదురునంతవరకు శబ్దమునంతటిని ముందునకు జరిపితిమి. చివర కుదిరెను, మొదలు చెడెను. విసిగి కొంతకాలము ఆ పని కట్టిపెట్టితిమి. మరల పాడించుకొందమని తలచునప్పటికి ఆమె లేదు.

అప్పుడు గాని ఈ దోషము ఒకటి కాదు, రెండని మేము గ్రహింపలేదు. మొదటినుండి చివరవరకు ఒకే కొలతగా నిలిచియుండు తేడా ఒకటి. పోను పోను పెరుగు తేడా మరియొకటి. దీని మందు దానికి పనికిరాదు.

నిలుకడ తేడాకు కారణము తేలికగనే తెలియును. కెమెరా వెలుతురును పోగుచేసి, బొమ్మగా మార్చి, కుదించి, తీగ వెంట కంప్యూటరునకు పంపవలెను. శబ్దమునకు ఇంత పని లేదు. కావున సాధారణముగా శబ్దమే ముందు చేరును. మనము సహింపలేనిదియు అదియే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘము వారు 1998లో వెలువరించిన సిఫారసు ప్రకారము, శబ్దము 45 మిల్లీసెకండ్లు, అనగా సెకండులో 45 వేయవ వంతులు, ముందైనంతనే చూపరులు పసిగట్టుదురు. వెనుకబడినచో 125 వరకు గుర్తింపరు. ఏటిగట్టు అలవాటు ఇచ్చటను కనబడుచున్నది.

పెరుగు తేడా రెండు గడియారముల తగవు. కెమెరాకు ఒక స్ఫటికము, మైకునకు ఒక స్ఫటికము కాలము కొలుచుచుండును. మైకు సెకండునకు 48,000 మారులు శబ్దమును కొలిచితిననును; అందు పదివేలలో ఒక వంతు తప్పున్నచో గంటకు 360 మిల్లీసెకండ్ల ఎడము వచ్చును. చీకటి గదిలో మరియొక పేచీ కలదు. వెలుతురు చాలక కెమెరా సెకండునకు 30 బొమ్మలకు బదులు తనంత తానే 15 తీయవచ్చును. ఈ ఎగుడుదిగుడు వేగమును కొన్ని ఎడిటింగు ప్రోగ్రాములు సరిగా అర్థము చేసికొనవు. 44,100 చొప్పున కొలిచిన శబ్దమును 48,000గా భ్రమించినచో గంట ప్రసంగము 55 నిమిషములకే ముగియును. గొంతు కీచుమనును గనుక ఇది దాగదు.

కనుక ముందు కొలువవలెను. సినిమావారు పలక కొట్టుట ఇందుకే. ఇంటిలో మొదట ఒకటి, చివర ఒకటి చప్పట్లు చాలును. చప్పట్లు మరచినవారికి మన వర్ణమాలయే దిక్కు. ప, ఫ, బ, భ, మ అను ఓష్ఠ్యములు పెదవులు మూయనిదే పలుకవు. "అమ్మ" అను మాట ఒకటి మొదటను, ఒకటి చివరను వెదకి, పెదవులు విడివడిన బొమ్మకును, శబ్దరేఖలో అచ్చు లేచిన చోటికిని గల ఎడమును చూడవలెను. చెవిని మాత్రము నమ్మరాదు. పెదవులు "గ" అనుచుండగా శబ్దము "బ" అని వినిపించినచో పలువురకు "ద" అని తోచినట్లు మెగర్క్, మెక్‌డోనాల్డ్ అనువారు 1976లో చూపిరి. కన్ను చెవిని అంతగా మోసగించును.

రెండు చోట్లను ఒకే ఎడమున్నచో శబ్దమును ఆ మేరకు జరిపిన చాలును. ఓబీఎస్ వంటి ప్రోగ్రాములో మైకునకు "సింక్ ఆఫ్‌సెట్" అను గడిలో ఆ మిల్లీసెకండ్లు ముందే వ్రాసియుంచిన ఇకముందు తీయువానికి బాధ యుండదు. అయితే బ్లూటూత్ చెవిగొట్టములతో వినుచు కొలువకుడు. ఆలస్యము వాటిదే కావచ్చును, రికార్డింగు నిర్దోషి కావచ్చును.

ఎడము పెరిగినచో లెక్క కట్టవలెను. మాకు 50 నిమిషములకు, అనగా 3,000 సెకండ్లకు, 300 మిల్లీసెకండ్లు వెనుకబడెను, నూటికి 0.01 వంతు. అడాసిటీలో శబ్దపు వేగమును అంతమాత్రము హెచ్చించితిమి. శ్రుతి మారునేమోయని భయపడితిమి గాని, అంత స్వల్పమును ఏ చెవియు పట్టదు. మొదటను కొంత ఎడమున్నచో దానిని ముందు జరిపి, పెరిగిన భాగమును మాత్రమే లెక్కింపవలెను. బొమ్మల వేగము ఎగుడుదిగుడైనచో హ్యాండ్‌బ్రేక్ వంటి ప్రోగ్రాముతో ఒకే వేగమునకు మార్చిన పిమ్మటనే ఈ పనికి దిగుట మేలు. ఒకచోట ఉన్నట్టుండి ఎడము గంతు వేసినచో కంప్యూటరు అలసి కొన్ని బొమ్మలు జారవిడిచినదన్నమాట. అచ్చట తెగగోసి రెండు ముక్కలను వేరువేరుగా సరిచేయవలెను. తీయునప్పుడు దీపము బాగుగా పెట్టి, తక్కిన ప్రోగ్రాములు మూసి, పది నిమిషములు పరీక్షగా తీసి చూచుకొన్నవారికి ఈ కోత చాలవరకు తప్పును.

మా పాటలలో చివరి పాటకు రోకలియు దెబ్బయు కలిసెను. నడుమ సరిచూచుటకు మరియొక గుర్తు దొరకెను. ఒకచోట ఆమె పాట ఆపి మంచినీళ్ళడిగి త్రాగెను. గ్లాసు నేలను తాకినప్పుడే ఆ చిన్న చప్పుడును వినవచ్చెను. మొదటి ప్రతిని ముట్టక వేరుగా దాచియుంచితిమి.