దేశమును దెలుపు బొమ్మ



కాశీయాత్ర చేసివచ్చినవారు గంగచెంబు తెచ్చుట మనలో పూర్వాచారము. ఆ చెంబును చూచినంతనే అది యెచ్చటిదో యెల్లరు నెరుగుదురు. ఒక దేశమునకు ఇట్టి జ్ఞాపకచిహ్నము అనాదినుండియే యుండనక్కరలేదు. నేర్పరులు పూని కల్పించినను ఏర్పడవచ్చును. రష్యాదేశపు మాత్ర్యోష్కా బొమ్మ యిందుకు నిదర్శనము.

ఈ బొమ్మ మిగుల ప్రాచీనమని పెక్కుర తలంపు. నిజమునకు అది 19వ శతాబ్దపు చివరి దశకమున మాస్కోనగరపు కార్యశాలలో పుట్టినది. జ్వ్యోజ్దోచ్కిన్ అను తరిణె పనివాడు కొయ్యను మలచగా, మాల్యూతిన్ అను చిత్రకారుడు రంగులు దిద్దెను. ఒకదానిలో నొకటి యిమిడెడి బొమ్మల తలపు జపాను దేశమునుండి వచ్చినదని చెప్పుదురు. అయినను మాల్యూతిన్ జపాను రూపమును దింపలేదు. తలకు రుమాలు గట్టి, నల్ల కోడిపుంజును చేతబట్టిన పల్లెపడుచును పైబొమ్మగా వ్రాసెను. లోపల బాలబాలికలు, కడపట పొత్తిళ్లలోని శిశువు. మొత్తము 8 బొమ్మలు. ఆనాటి పల్లెలలో స్త్రీలకు సామాన్యమైన మాత్ర్యోనా యను పేరే ముద్దుపేరై బొమ్మకు నిలిచినది. రాజచిహ్నము గాని జెండా గాని దానిపై లేదు. ఆ దేశపు సంసారమే కలదు.

పనివిధమును వినుడు. లిండెన్ అను చెట్టు మెత్తని కొయ్యను చక్కగా ఆరబెట్టుదురు. పచ్చికొయ్య యైనచో పిదప కుంచించుకొని మూత సరిపడదు. తొలుత అన్నిటికంటె చిన్నబొమ్మను చేసి, దాని కొలతనుబట్టి తక్కినవానిని తొలుతురు. 1900లో పారిస్ ప్రదర్శనమున ఈ బొమ్మకు కంచుపతకము లభించెను. పిమ్మట సెర్గియెవ్ పొసాద్ పట్టణమున ఎందరో పనివాండ్రకు ఇది జీవనాధార మయ్యెను.

ఇట్టి తరిణె మనకును కలదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో, తిరుగుచున్న అంకుడుకొయ్యకు రంగులక్కను ఒత్తగా, రాపిడి వేడిమికి లక్క కరగి అంటుకొనును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను మన సభలలో అతిథులకు ఎచ్చటనో అచ్చుపోసిన ప్లాస్టిక్ జ్ఞాపికల నిచ్చుచున్నాము. దానిపై మన యూరిపేరు వ్రాయించినంతమాత్రమున అది మనది కాదు.

కావున గ్రామపెద్దలు ముందుగా తమ కొయ్యను, మట్టిని, పనివానిని తలచుకొనవలెను. చెట్టు నరికినచోట చెట్టు నాటింపవలెను. పనివానికి తగిన వెల యియ్యవలెను. ఈ రెండును లేనినాడు నేర్పు ఒక తరముతోనే అంతరించును. అటుపిమ్మట అతిథి చేతిలో పెట్టుటకు మనదని చెప్పదగినది మిగులదు.