గాలి లేని ఒడ్డుకు అంత పెద్ద అలలు ఎలా వస్తాయి?

తుఫాను ఇంకా 400 కిలోమీటర్ల అవతల ఉందని వార్తల్లో చెబుతుంటారు. మైపాడులో చూస్తే ఎండ కాస్తుంటుంది, గాలి పెద్దగా ఉండదు. సముద్రం మాత్రం ఉరుముతుంటుంది. కడప నుంచి బద్వేలు, ఆత్మకూరు దాటి నెల్లూరు మీదుగా సముద్రం చూడబోయే మనవాళ్లకు ఇది వింతే. మనకు అలవాటైనవి చెరువు నీళ్లు. గాలి లేస్తే కదులుతాయి, పడిపోతే ఊరుకుంటాయి. మరి గాలే లేనిచోట ఈ అలలను ఎవరు లేపినట్టు?

తుఫానే లేపింది, అక్కడ ఉండే. దాని చుట్టూ గంటకు 80, 100 కిలోమీటర్ల గాలి గంటల తరబడి నీటిని తోస్తూనే ఉంటుంది. గాలి ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత దూరం అడ్డు లేకుండా వీస్తే అల అంత ఎదుగుతుంది. అక్కడ పుట్టినవాటిలో పొట్టి అలలు దారిలోనే అణిగిపోతాయి. పొడుగాటివి గాలి వదిలేసినా సాగిపోతూనే ఉంటాయి. నీరే అంత దూరం నుంచి వస్తుందనుకోకండి. ఏపుగా ఎదిగిన జొన్నచేను మీద గాలి తోలితే ఊపు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది, కర్రలు ఉన్నచోటే ఉంటాయి. నీరూ అంతే, గుండ్రంగా తిరిగి దాదాపు మొదటి చోటికే వస్తుంది.

రెండు శిఖరాల మధ్య 12 సెకన్ల ఎడముండే అలను తీసుకుందాం. లోతు నీటిలో దాని పొడవు సుమారు 225 మీటర్లు. ఒక్కో శిఖరం గంటకు 67 కిలోమీటర్లు పరిగెత్తుతుంది గానీ అలల గుంపు అందులో సగం వేగంతోనే కదులుతుంది. ముందున్న శిఖరాలు గుంపు అంచుకొచ్చి మాయమవుతుంటాయి, వెనక కొత్తవి పుడుతుంటాయి. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే. అయినా ఆ గుంపు 400 కిలోమీటర్లు రావడానికి 12 గంటలు చాలు. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున కదిలే తుఫానుకు అదే దూరం ఒక రోజుకు పైనే పడుతుంది. గాలివాన కంటే ముందు అల రావడం అందుకే.

దీన్ని చేతి గడియారంతో పట్టుకోవచ్చు. పది అలలు విరగడానికి ఎన్ని సెకన్లయిందో చూసి పదితో భాగించండి. దగ్గరి గాలికి లేచిన అలలు ఐదారు సెకన్లకొకటి గజిబిజిగా వస్తాయి. 10 సెకన్లు దాటి, వరుస కట్టి వస్తుంటే దూరాన ఎక్కడో పెద్ద గాలి ఉన్నట్టే.

ఒడ్డు దగ్గరికి రాగానే అల కిందిభాగానికి నేల తగులుతుంది. ముందున్న అల నెమ్మదిస్తుంది, వెనకది దగ్గరవుతుంది, పొడవు కుంచించుకుపోయి ఎత్తు పెరుగుతుంది. ఎత్తు నీటి లోతులో సుమారు ముప్పాతికకు చేరేసరికి పైభాగం నిలవలేక ముందుకు విరుగుతుంది. మనకు వినిపించే చప్పుడు అదే.

2023 డిసెంబరు 4, 5 తేదీల్లో మిచౌంగ్ తుఫాను దక్షిణ కోస్తాను ఆనుకుని, తీరం వెంబడే ఉత్తరానికి సాగి బాపట్ల దగ్గర నేల మీదికొచ్చింది. మన తుఫాన్లలో గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందువల్ల తుఫాను అలా తీరం పక్కగా పోతున్నప్పుడు ఒడ్డున నిలబడితే గాలి ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో వీస్తుంది, అలలు మాత్రం తూర్పు నుంచే వస్తాయి. గాలి వెనక నుంచి వీస్తోంది కదా, అలలు ముందుకు రావులే అనుకోవడం ప్రమాదం.

ఇంకో ప్రమాదముంది, దాన్ని చూసేవాళ్లు గమనించరు. విరిగిన అలలు ఒడ్డుకు పోసిన నీరంతా తిరిగి పోవాలి. అది ఇసుక తిన్నెల మధ్య సందు చూసుకుని ఇరుకు పాయగా లోపలికి లాగుతుంది. ఆ పాయలో అలలు తక్కువగా విరుగుతాయి కాబట్టి కొత్తవాళ్లకు అదే నెమ్మదైన చోటులా కనిపిస్తుంది! మోకాటి లోతే కదా అని దిగేది అక్కడే. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది. అవి ఉన్న రోజు ఒడ్డున, దూరంగా నిలబడి చూడటమే పని.

సరే, అలలు పెద్దవైతే మన సీమకు వాన కూడా పెద్దదేనా? కానేకాదు. అల గాలిని బట్టి, వాన తేమను బట్టి, కొండలను బట్టి, ఆ మబ్బు ఎంతసేపు కదలకుండా కూర్చుందన్నదాన్ని బట్టి. 2021 నవంబరు 19న పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది వట్టి వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుఫాను అంటారు, పేరు పెడతారు. దానికి పేరు లేదు. అయినా శేషాచలం, పాలకొండల మీదికెక్కిన తేమగాలి వానై కుమ్మరించింది. అప్పటి కడప జిల్లాలో పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరు చెయ్యేరులో పడి, రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కూడా కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట నీట మునిగాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడూ పేరున్న తుఫాను ఏదీ లేదు. కాబట్టి సీమలో తుఫాను పేరు కోసం, గాలి వేగం కోసం చూస్తూ కూర్చోవడం దండగ. ఎగువ కొండల్లో ఎంత వాన పడింది, ప్రాజెక్టు నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు అన్నవే చూడాలి.

2021లో ఆ చెయ్యేటి నీరు పెన్నలో కలిసి, సోమశిల దాటి, ఊటుకూరు దగ్గర సముద్రంలో పడటానికి పోతూ పోతూ నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసింది. నెల్లూరువాళ్లు తుఫాను కోసం తూర్పుకే చూస్తారు. ఆ ఏడు నీళ్లు పడమటి నుంచి, కడప వైపు నుంచి వచ్చాయి.