'కాంప్లికేటెడ్ ఫ్యామిలీ' అంటే ఎలాంటి ఫ్యామిలీ?



పోయిన టర్మ్‌లో ఏడో తరగతి పిల్లల్ని 'మై ఫ్యామిలీ' మీద ఒక పేరా రాయమన్నాను. ఒక అమ్మాయి మొదటి వాక్యమే 'అవర్స్ ఈజ్ ఎ కాంప్లికేటెడ్ ఫ్యామిలీ' అని రాసింది. నోట్‌బుక్ చూసిన వాళ్లమ్మగారు పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి, "మా ఇంట్లో ఏం గొడవలున్నాయని ఇలా రాసింది మేడమ్? మీతో ఏమైనా చెప్పిందా?" అని అడిగారు. ఆవిడ గొంతు వణికింది.

పాపను పిలిచి అడిగాం. నానమ్మ, తాతయ్య, బాబాయి వాళ్లు, అందరూ ఒకే ఇంట్లో ఉంటారట. 'ఒకరితో ఒకరం పెనవేసుకుని ఉంటాం' అని రాయాలనుకుంది. ఫోన్‌లో వెతికితే నాలుగైదు ఇంగ్లిష్ మాటలు వచ్చాయి. వాటిలో తనకు తెలిసింది 'కాంప్లికేటెడ్' ఒక్కటే.

తప్పు పాపది కాదు. ఈ మాటలన్నిటికీ 'సంక్లిష్టమైన' అని ఒకటే అర్థం రాయిస్తాం. మొన్నటిదాకా బోర్డు మీద నేను రాసిందీ అదే.

కాంప్లికేటెడ్ అనే మాటకు మూలమైన లాటిన్ క్రియకు 'మడవడం' అని అర్థం. మడత మీద మడత. మన 'మడతపేచీ' గుర్తొస్తుంది కదా! ఈ మాటలో ఎక్కడో ఇబ్బంది దాగి ఉంటుంది. ఆసుపత్రిలో 'కాంప్లికేషన్స్' అని వినగానే మన గుండె జారేది అందుకే. కాబట్టి ఆ అమ్మగారు కంగారు పడటంలో న్యాయం ఉంది.

కాంప్లెక్స్‌కి మూలం వేరే క్రియ, 'అల్లడం'. బీ-కాంప్లెక్స్ అంటే ఎనిమిది బీ విటమిన్ల కూటమి. మనిషి మెదడు, రుతుపవనాలు కాంప్లెక్స్. చాలా భాగాలు కలిసి పనిచేస్తాయని చెప్పడమే, అందులో నింద లేదు. వాడుకలో ఈ రెండు మాటలూ ఒకదాని చోట ఒకటి వస్తుంటాయి, నిజమే. కానీ ఇంటి గురించి రాసేటప్పుడు తేడా తెలిసిపోతుంది.

ఇంట్రికేట్ చాలాసార్లు మెచ్చుకోలు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, రామప్ప గుడి శిల్పాలు ఇంట్రికేట్. మన 'నగిషీ' దానికి దగ్గరి మాట. కన్వల్యూటెడ్ అంటే అచ్చంగా డొంకతిరుగుడు. హోంవర్క్ ఏదని అడిగితే, రాత్రి కరెంటు పోవడం దగ్గర మొదలై పక్కింటి కుక్కపిల్ల దగ్గర తేలే కథలు నేను రోజూ వింటాను. అవి కన్వల్యూటెడ్. ట్యాంగిల్డ్ అంటే చిక్కుపడింది, ఇయర్‌ఫోన్ వైర్ల లాగా. 'నాటీ' ప్రాబ్లమ్ అంటే పీటముడి. అల్లరి పిల్లల 'నాటీ' కాదు, ఇది 'కె'తో మొదలవుతుంది.

ఆ పాపకు కావలసిన మాట ఇంటర్‌ట్వైన్డ్. 'ట్వైన్' అంటే పురిపెట్టిన దారం. ఇంటర్‌వోవెన్ అయితే పడుగూ పేకలా కలిసిపోయిందని. కలిసిమెలిసి ఉండే కుటుంబాన్ని ఇంగ్లిష్‌లో 'క్లోజ్-నిట్' అంటారు, చేతి అల్లిక లాగా.

ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటారా అని చాలామంది నన్ను అడుగుతారు. ఇంగ్లిష్ టీచర్‌గా చెబుతున్నాను, ఇలాంటి మాటల విషయంలో వద్దు. పీటముడి, డొంకతిరుగుడు, నగిషీ తెలిసిన పిల్లలకు ఇంగ్లిష్ మాట నేర్పడానికి నాకు ఐదు నిమిషాలు చాలు. అవి తెలియని పిల్లలు స్పెల్లింగ్ బట్టీపడతారు, ఎక్కడ వాడాలో తెలియదు.

ఈసారి మీ అబ్బాయి 'మ్యాథ్స్ కాంప్లికేటెడ్‌గా ఉంది' అంటే, ఎలా ఉందో తెలుగులోనే అడిగి చూడండి. ప్రశ్నలోని వాక్యం డొంకతిరుగుడుగా ఉందా? స్టెప్పులు ఎక్కువై చిక్కుపడుతున్నాడా? లేక ఒక్కచోటే ముడి విడటం లేదా? మొదటిదైతే అది లెక్కల సమస్యే కాదు, నా దగ్గరికి పంపండి. మిగతా రెండూ అయితే ఏ స్టెప్ దగ్గర ఆగాడో డైరీలో రాయండి, మ్యాథ్స్ సార్‌కి పని సులువవుతుంది.

ఆ పాప పేరా మళ్లీ రాసింది. 'అవర్స్ ఈజ్ ఎ క్లోజ్-నిట్ ఫ్యామిలీ' అని మొదలుపెట్టింది. కాకపోతే 'నిట్'లో 'కె' మర్చిపోయింది. 'కె' లేని 'నిట్' అంటే పేను గుడ్డు. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఈసారి వాళ్లమ్మగారు చూసేలోపే దిద్దించాను.