రెండేళ్ళ ఎనిమిది నెలల టెంపరరీ ఫిల్లింగ్

ఈ సంచికకి ఏదైనా టెక్నికల్ వ్యాసం రాస్తానని క్లబ్‌లో మాటిచ్చాను. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ధ్యాసంతా నా కుడి దవడ మీదకే పోయింది. అందుకే పన్ను గురించే రాస్తున్నాను. నాది మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియం, భాషలో తప్పులుంటే సర్దుకోండి. చదివి నవ్వుకున్నా పర్లేదు. కానీ మీలో ఎవరైనా డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళడం సగంలో ఆపేసి ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

అసలు జరిగింది

2023 మే నెల. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయి ఒంగోల్లో ఇంట్లో ఉన్నాను. కింద కుడివైపు దవడ పన్ను పిప్పి పట్టిందని నాకు ముందే తెలుసు. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. ఎడమవైపు నమిలి నెట్టుకొచ్చాను. ఒక రాత్రి మొదలైన నొప్పి నాలుగు రోజులైనా వదల్లేదు. నాయనమ్మ లవంగం పెట్టుకోమంది. మెడికల్ షాపు అన్న ఏవో మాత్రలిచ్చాడు. ఐదో రోజు బుగ్గ వాచాక అమ్మ నన్ను డెంటిస్ట్ దగ్గరికి లాక్కెళ్ళింది.

రూట్ కెనాల్ చెయ్యాలన్నారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. అయినా లోపల సూది లాంటిది పెట్టగానే ప్రాణం పోయినంత పనైంది. కుర్చీలోంచి లేచిపోయాను. 16 ఏళ్ళవాణ్ణి, అమ్మ ముందూ కాంపౌండర్ ముందూ ఏడ్చాను. డాక్టర్ గారు ఇంకో ఇంజక్షన్ ఇచ్చి, ఎలాగో ఆ రోజు పని ముగించి, టెంపరరీ ఫిల్లింగ్ వేసి పంపారు. "వారం తర్వాత రా. ఇంకో రెండుసార్లు రావాలి, ఆ తర్వాత క్యాప్ పెట్టాలి" అన్నారు.

వారం తర్వాత నొప్పి లేదు. ఈలోపు కాలేజీ తెరిచారు. "బెజవాడలో హాస్టల్ పక్కనే క్లినిక్ ఉందమ్మా, మిగతాది అక్కడ చేయించుకుంటా" అన్నాను. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆ డబ్బుల్లోంచి ఎనిమిది ఐదొందల కాగితాలు లెక్కపెట్టి నా బ్యాగులో పెట్టింది. నేను ఆ క్లినిక్ మెట్లు కూడా ఎక్కలేదు. డబ్బులు ఔటింగుల్లో బిర్యానీలకీ సినిమాలకీ అయిపోయాయి. దసరా సెలవలకి ఇంటికొచ్చినప్పుడు అమ్మ అడిగితే "అయిపోయిందమ్మా" అన్నాను.

టెంపరరీ ఫిల్లింగ్ అంటే కొద్ది రోజులో, మహా అయితే కొన్ని వారాలో ఉండాల్సింది. నేను దాన్ని రెండేళ్ళ ఎనిమిది నెలలు మోశాను. అందులో సగం కాలం అక్కడ ఫిల్లింగ్ కూడా లేదు, గుంత మాత్రమే ఉంది.

నొప్పి పోయిందంటే జబ్బు పోయినట్టు కాదు

పన్ను పైపొర పేరు ఎనామిల్. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. కానీ దాంట్లో జీవకణాలు ఉండవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్‌కి గుంత పడితే తిరిగి పూడదు. మనం తిన్న చక్కెరని నోట్లోని బ్యాక్టీరియా తిని ఆమ్లం వదులుతుంది. అక్కడి పీహెచ్ దాదాపు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది.

ఎనామిల్ కింద డెంటిన్, దాని లోపల పల్ప్. నరాలూ రక్తనాళాలూ ఉండేది ఈ పల్ప్‌లోనే. ఇన్ఫెక్షన్ అక్కడిదాకా వెళ్తే పల్ప్ వాస్తుంది. చేతికి దెబ్బ తగిలితే వాపు బయటికి పొంగుతుంది. పన్ను లోపల పొంగడానికి చోటేది? చుట్టూ గట్టి గోడలే. అందుకే ఆ పోటు. పడుకుంటే తలవైపు రక్తం ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి రాత్రిళ్ళు ఇంకా ఎక్కువ.

కొన్నాళ్ళకి పల్ప్ చచ్చిపోతుంది, నొప్పి ఆగిపోతుంది. మనం తగ్గిపోయిందనుకుంటాం. నిజానికి చెప్పాల్సిన నరం చచ్చిపోయింది, అంతే. ఇన్ఫెక్షన్ వేరు చివర్నుంచి ఎముకలోకి నిదానంగా పోతూనే ఉంటుంది. నా పన్నులో డాక్టర్ గారు పల్ప్ తీసేశారు కానీ, వేళ్ళలోని సన్నటి కాలువల్ని పూర్తిగా శుభ్రం చేసి మూసే పని మిగిలిపోయింది. నేను దాన్ని అలా తెరిచి వదిలేశాను.

ఇంజక్షన్ ఇచ్చినా ఎందుకు నొప్పి పుట్టింది?

ఇది తెలుసుకున్నాకే నా భయం కొంచెం కరిగింది.

పళ్ళకి ఇచ్చే మత్తుమందుల్లో బాగా వాడేది లిగ్నోకెయిన్. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ దీన్ని తయారుచేశాడు, 1948లో మార్కెట్‌లోకి వచ్చింది. నరంలో సిగ్నల్ ముందుకి పోవాలంటే సోడియం ఛానెల్స్ తెరుచుకోవాలి. ఈ మందు లోపలికి వెళ్ళి ఆ ఛానెల్స్‌ని మూసేస్తుంది. పన్ను దగ్గర ఏం జరుగుతోందో మెదడుకి కబురు అందదు.

చిక్కల్లా లోపలికి వెళ్ళడం దగ్గరే. నరం పొర దాటాలంటే మందు అణువుకి ఛార్జ్ ఉండకూడదు. ఇన్ఫెక్షన్‌తో వాచిన చోట ఆమ్లత్వం ఎక్కువ. అక్కడ ఎక్కువ అణువులు ఛార్జ్ ఉన్న రూపంలోకి మారిపోయి బయటే ఆగిపోతాయి. అంటే నేను నాలుగు రోజులు ఓర్చుకుని, బుగ్గ వాచాక వెళ్ళడం వల్లే ఇంజక్షన్ సరిగ్గా పనిచెయ్యలేదు. డాక్టర్ తప్పూ లేదు, నా పిరికితనమూ కాదు. కెమిస్ట్రీ.

భయపడి ఆలస్యం చేస్తాం. ఆలస్యం వల్ల నిజంగానే నొప్పి ఎక్కువవుతుంది. "చూశావా, నేను భయపడింది కరెక్టే" అనుకుంటాం. తర్వాతిసారి ఇంకా ఆలస్యం చేస్తాం.

ఇంకో సంగతి. ఈ మందులో చాలాసార్లు అడ్రినలిన్ కలుపుతారు, మత్తు ఎక్కువసేపు నిలవడానికి. దానివల్ల ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడొచ్చు. నేను అప్పుడు అదంతా నా భయమే అనుకుని ఇంకా భయపడ్డాను. క్లినిక్‌లో వచ్చే ఆ వాసన కూడా చాలావరకు యూజినాల్‌ది, అంటే లవంగనూనెలో ఉండేదే. నాయనమ్మ చెప్పిన వైద్యం, డాక్టర్ డబ్బాలోని టెంపరరీ ఫిల్లింగ్ మందు ఈ ఒక్క విషయంలో చుట్టాలు.

భయం ఒకటి, సిగ్గు ఇంకొకటి

పళ్ళ డాక్టరంటే భయాన్ని కొలవడానికి 1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నలతో ఒక స్కేల్ తయారుచేశాడు. 1995లో వచ్చిన కొత్త రూపంలో ఇంజక్షన్ గురించి ఐదో ప్రశ్న చేర్చారు. రేపు డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, బయట కూర్చుని ఎదురుచూస్తుంటే ఎలా ఉంటుంది, ఇలా ఉంటాయి. నేను నాకు నేనే మార్కులు వేసుకున్నాను. మరీ ఎక్కువేం రాలేదు. మరి ఎందుకు వెళ్ళలేకపోతున్నాను?

ఆ ఐదు ప్రశ్నల్లో సిగ్గు గురించి ఒక్కటి కూడా లేదు. నన్ను ఆపుతున్నది అదే. "ఇన్నాళ్ళూ ఏం చేశావ్?" అని అడిగితే ఏం చెప్పాలి? మళ్ళీ ఏడిస్తే? ఆ కాంపౌండర్ గుర్తుపడితే? అమ్మకి తెలిస్తే? ఇంతలో ఆ గుంత వల్ల నోరు వాసన రావడం మొదలైంది. మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. ఫ్రెషర్స్ పార్టీ ఫోటోల్లో నేను ఒక్కదాంట్లో కూడా పళ్ళు కనబడేలా నవ్వలేదు. మన క్లబ్‌లో కవిత చదవమన్నప్పుడు గొంతు బాలేదని వెనక బెంచీలో కూర్చున్నది కూడా అందుకే.

స్వీడన్‌లోనే ఉల్ఫ్ బెర్గ్రెన్ అనే పరిశోధకుడు 1984లో ఈ చక్రాన్ని వివరించాడు. భయం వల్ల వెళ్ళరు. వెళ్ళకపోతే పళ్ళు పాడవుతాయి. పాడయ్యాయని సిగ్గు, తప్పు చేశామన్న బాధ. వాటివల్ల ఇంకా వెళ్ళరు. మన భాషలో చెప్పాలంటే బ్రేక్ లేని వైల్ లూప్. పైగా అపాయింట్‌మెంట్ వాయిదా వేసిన ప్రతిసారీ మనసుకి హాయిగా ఉంటుంది. మెదడు ఆ హాయినే గుర్తుపెట్టుకుంటుంది. తప్పించుకోవడం అలా అలవాటైపోతుంది.

వెళ్ళిన రోజు

మొన్న డిసెంబర్లో హాస్టల్లో పల్లీ చిక్కీ తింటుంటే పన్ను ముక్క విరిగి చేతిలోకొచ్చింది. బియ్యపు నూకంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే అప్పుడు భయమేసింది. సంక్రాంతి సెలవలకి వెళ్ళేముందు పాత క్లినిక్ నంబర్‌కి వాట్సాప్‌లో ఇలా రాశాను: "సార్, 2023లో రూట్ కెనాల్ సగంలో ఆపేశాను. ఇప్పుడు పన్ను విరిగింది. నాకు భయం, రాలేదని సిగ్గుగా కూడా ఉంది. మొదటిరోజు చూసి చెప్తే చాలు." పంపి ఫోన్ బోర్లా పెట్టేశాను. పది నిమిషాలకి జవాబు వచ్చింది: "సోమవారం 10 గంటలకి రా. చూడ్డం వరకే."

రిసెప్షన్‌లో అక్క "పాతా, కొత్తా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే గొంతు తడారిపోయింది. "పాతే" అన్నాను. ఆవిడ బీరువా అడుగు అర లాగింది. దాన్నిండా ఫైళ్ళు. "ఇవన్నీ మధ్యలో ఆపేసినవాళ్ళవే" అంటూ వెతుకుతోంది. నేను ఇన్నాళ్ళూ ప్రపంచంలో ఇలాంటి వెధవ పని చేసింది నేనొక్కణ్ణే అనుకున్నాను. ఒక అర నిండా ఉన్నాం!

డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి చూపించారు. వేరు చివర నల్లటి నీడ. "ఇంకొన్నాళ్ళు ఆగితే పీకేయాల్సి వచ్చేది. ఇప్పుడైతే ప్రయత్నించొచ్చు" అన్నారు. నేను అడగకముందే నా వంక చూసి, "అప్పుడు నీకు బాగా నొప్పి పుట్టింది కదా, ఇందులో రాసుకున్నాను. ఈసారి ఎడమచెయ్యి ఎత్తు, వెంటనే ఆపేస్తా" అన్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు.

ఆ మాటకి నాకే ధైర్యమొచ్చి, చేసేయమన్నాను. ఈసారి వాపు లేదు కాబట్టి ఇంజక్షన్ బాగా పట్టింది. రెండుసార్లు చెయ్యి ఎత్తాను. రెండోసారి నొప్పి పుట్టి కాదు, నిజంగా ఆపుతారా లేదా చూద్దామని. ఆపారు. మధ్యలో ఒక మెషిన్ బీప్ బీప్ అంటే ఉలిక్కిపడ్డాను. పెదవికి ఒక కొక్కెం తగిలించి, పన్నులోని ఫైల్‌కీ దానికీ మధ్య విద్యుత్ నిరోధం కొలిచి, వేరు చివర ఎంత దూరంలో ఉందో చెప్పే పరికరమట. బీప్ అంటే ప్రమాదం కాదు, చివరికి చేరుతున్నామని. మన ల్యాబ్‌లో చేసే కొలతే, నా నోట్లో జరుగుతోంది!

మీరు వెళ్ళాలనుకుంటే

ఫోన్ చెయ్యలేకపోతే మెసేజ్ రాయండి. ఎప్పుడు ఆపేశారో, భయమో సిగ్గో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎదురుగా చెప్పాల్సిన మాట ముందే అయిపోతుంది.

మొదటిరోజు చూడ్డం, ఎక్స్‌రే వరకే అని అడగండి. ఎన్నిసార్లు రావాలో, మొత్తం ఎంతవుతుందో అప్పుడే అడిగేయండి. ఆపమనే సైగ ముందే మాట్లాడుకోండి. వాడే మందులు, పడని మందులు చెప్పండి. పొద్దుటి అపాయింట్‌మెంట్ అయితే రోజంతా భయపడే పని ఉండదు.

డబ్బు సమస్యైతే డెంటల్ కాలేజీల ఓపీకి వెళ్ళండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ మనలాంటి స్టూడెంట్సే ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చూస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, ఖర్చు బాగా తక్కువ.

ఒక్క విషయంలో మాత్రం ధైర్యం వచ్చేదాకా ఆగకండి. బుగ్గో మెడో వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా అదే రోజు వెళ్ళండి. మెడికల్ షాపు మాత్రలు వాపుని కొన్నాళ్ళు అణచొచ్చు, పన్ను లోపలున్న కారణాన్ని తియ్యలేవు.

చివరగా

ఆ రోజు ఇంటికెళ్ళేసరికి పెదవి ఇంకా మొద్దుబారే ఉంది. అమ్మ టీ ఇచ్చింది. తాగబోతే మూలనుంచి చొక్కా మీదకి కారిపోయింది. "ఏమైందిరా మూతికి?" అంది. ఇంక దాచలేకపోయాను. క్లినిక్ నుంచి మొదలుపెట్టి, ఎనిమిది ఐదొందల కాగితాల దాకా మొత్తం చెప్పేశాను.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. చేతిలో ఉన్న జాకెట్‌కి హుక్స్ కుడుతూనే ఉంది. చివరికి దారం కొరికి, "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నాడు?" అంది.

"గురువారం."

"నేనూ వస్తా."

వచ్చింది. ఇది రాసే నాటికి కాలువలు మూసేశారు, క్యాప్ ఒక్కటే మిగిలింది. జూనియర్లకి సీ ట్యూషన్ చెప్పి ఆ డబ్బులు కూడబెడుతున్నాను. ఇంకో 900 తక్కువున్నాయి. వచ్చే శనివారం 10 గంటలకి అపాయింట్‌మెంట్. వెళ్తాను. వచ్చే నెల క్లబ్ మీటింగ్‌లో కవిత కూడా చదువుతాను.